యంత్రం నడిపిస్తుందా? మనం నడుస్తామా?

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సీనియర్ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



నేను డాక్టరును కాను. 1974లో బస్సు కండక్టరుగా చేరి, 2009లో కంట్రోలరుగా పదవీ విరమణ చేసినవాడిని. ఆరోగ్యం గురించి ఈ సభలో మాట్లాడే అర్హత నాకు ఒకే ఒక్క విధంగా వచ్చింది. 2018లో నాకు పక్షవాతం వచ్చింది. ఇదిగో, ఈ కుడి చేయి, ఈ కుడి కాలు పడిపోయాయి. ఈ రోజు మూడు మెట్లు ఎక్కి ఈ మైకు ముందుకు వచ్చి నిలబడ్డాను. ఆ రోజుకూ ఈ రోజుకూ మధ్య జరిగినదే నా ప్రసంగం.

ఈ విషయం మీద నన్నే ఎందుకు మాట్లాడమన్నారో ముందుగా మనవి చేస్తాను. మన సభ్యుని కుమారుడొకరు, విదేశంలో ఉద్యోగం చేస్తున్నవారు, మన సంఘ కార్యాలయానికి ఒక ట్రెడ్‌మిల్లు, అంటే ఉన్నచోటనే నడిచే యంత్రం, విరాళంగా ఇస్తామని రాశారు. కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. "తీసుకుందాం, ఒంటికీ మెదడుకీ కూడా మంచిదట" అని కొందరు, "ఎవరైనా పడితే పూచీ ఎవరిది?" అని కొందరు. "అనుభవమున్నవారు, మీరే చెప్పండి" అని కార్యదర్శిగారు భారం నా మీద పెట్టారు. కనుక దీనిని ఉపన్యాసం అనుకోకుండా, ఒక సభ్యుడి నివేదిక అనుకోండి. తీర్మానం మీరే చేయాలి.

శరీర శ్రమకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని లెక్కలు కట్టి చూపిన తొలి పరిశోధనల్లో ఒకటి బస్సు ఉద్యోగుల మీదనే జరిగింది. మన బస్సులు కావు, లండన్ నగరపు బస్సులు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి అక్కడి రవాణా ఉద్యోగులు సుమారు 31 వేల మంది వివరాలు సేకరించి 1953లో ప్రకటించారు. డ్రైవరు రోజంతా సీటులో కూర్చుంటాడు. కండక్టరు రెండంతస్తుల బస్సులో టిక్కెట్లు కొడుతూ రోజుకు ఐదు వందలకు పైగా మెట్లు ఎక్కుతాడు. ఇద్దరూ ఒకే బస్సులో పనిచేసేవారే. అయినా గుండె జబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. వచ్చినవారికి కూడా కాస్త పెద్ద వయసులో, తక్కువ తీవ్రతతో వచ్చింది. హైదరాబాదులో ఒకప్పుడు తిరిగిన డబుల్ డెక్కర్లలో డ్యూటీ చేసినవారికి ఆ మెట్ల సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఈ సంగతి మొన్న చెబితే, నాతో తొమ్మిదేళ్లు ఒకే సర్వీసు మీద నడిచిన డ్రైవరుగారు, అదిగో మూడో వరుసలో ఉన్నారు, "డబుల్ బెల్లు కొట్టి మమ్మల్ని సీట్లో కూర్చోబెట్టింది మీరే కదండీ" అన్నారు. (నవ్వులు) ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పడం న్యాయం. మోరిస్ బృందమే తర్వాత యూనిఫారం కొలతలు తీసి చూసింది. చిన్న వయసు డ్రైవర్లకే నడుం కొలత కండక్టర్ల కంటే ఎక్కువగా ఉన్నట్టు 1956లో బయటపెట్టింది. అంటే తేడా అంతా మెట్ల వల్లనే అనలేము, మనిషి తీరులో కూడా ముందునుంచీ కొంత తేడా ఉందన్నమాట. తన లెక్కను తానే మళ్లీ తనిఖీ చేసుకున్న ఆ పెద్దమనిషి అంటే నాకు గౌరవం. ఆ తర్వాత దశాబ్దాల పాటు జరిగిన పరిశోధనలు శ్రమ గుండెకు మేలేనని తేల్చాయి. మోరిస్ గారు స్వయంగా వ్యాయామం చేస్తూ 99 ఏళ్లు బతికి 2009లో కన్నుమూశారు.

ఇక నా సంగతి. కండక్టరుగా రోజంతా నిలబడిన నేను, రిటైరయ్యాక తొమ్మిదేళ్లు కుర్చీకి అతుక్కుపోయాను. పేపరు, టీవీ, భోజనం, నిద్ర. బి.పి. మాత్రలు గుర్తొచ్చిన రోజున వేసుకోవడం. 2018 జనవరిలో ఒక రోజు తెల్లవారుజామున పాల ప్యాకెట్టు చేతిలోంచి జారిపోయింది. "ఏవండీ, మాట ముద్దగా వస్తోందేమిటి?" అంది నా భార్య. "చెయ్యి మీద పడుకున్నాను, తిమ్మిరెక్కింది, అదే పోతుంది" అని మళ్లీ పడుకున్నాను. పది గంటలకు లేవబోతే కాలు లేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పిన మాట మీ అందరికీ చెప్పాలి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలట. ఆ నాలుగున్నర గంటలూ నేను మంచం మీదనే ఖర్చు పెట్టేశాను. మూతి వంకర పోయినా, చేయి పైకెత్తితే వాలిపోయినా, మాట తడబడినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా, నడక తూలినా, నిమిషం ఆలస్యం చేయకండి. తెల్లారనిద్దాం అనుకోకండి. ఇది నా చేజేతులా చేసుకున్న తప్పు, ఎవరి మీదా నెపం లేదు.

పదకొండో రోజున ఇంటికి పంపారు. అప్పుడు ఒకరు సలహా ఇచ్చారు. నగరంలో ఒక కేంద్రంలో, మనిషిని పట్టీలతో పైనుంచి వేలాడదీసి, కింద ట్రెడ్‌మిల్లు తిప్పుతూ నడక నేర్పించే యంత్రం ఉందని. మా అబ్బాయి వెళ్లి విచారించి వచ్చాడు. వారు చెప్పిన ఫీజు నాకు వచ్చే పెన్షనుకు ఎన్నో రెట్లు. మన పెన్షన్ల సంగతి ఈ సభలో వివరించనక్కరలేదు. "ఇల్లు తాకట్టు పెడదాం నాన్నా" అన్నాడు వాడు. వద్దన్నాను. వద్దన్నానే గాని, డబ్బు లేక నా కాలు పోయిందనే అనుకున్నాను. ఆ రాత్రి గోడవైపు తిరిగి ఏడ్చాను. ఇది చెప్పడానికి సిగ్గుపడడం లేదు, ఇక్కడ కూర్చున్నవారిలో అలా గోడవైపు తిరిగినవారు ఇంకా ఉంటారు.

ఆ తర్వాత వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీ చదివిన ఒక అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. తన వెంట తెచ్చిన యంత్రం ఏమీ లేదు. "తాతగారూ, ఏం ఉద్యోగం చేశారు?" అంది. "కండక్టరు" అన్నాను, ఆ మాట కూడా సగమే వచ్చింది. "అయితే చిల్లర లెక్క బాగా వచ్చునన్నమాట" అని, మా ఆవిడనడిగి ఒక పళ్లెంలో రూపాయి, రెండు, ఐదు రూపాయల బిళ్లలు పోయించింది. కుడిచేత్తో ఒక్కొక్కటీ తీసి వేరు వేరు గిన్నెల్లో వేయమంది. మొదటి రోజు అరగంటలో నాలుగు బిళ్లలు తీశాను. ముప్పయ్యేళ్ల క్రితం ఫుట్‌బోర్డు మీద నిలబడి, కదిలే బస్సులో, చూడకుండా చిల్లర ఇచ్చిన చేయి అది.

కాలికి కూడా అంతే. చేతులున్న గట్టి కుర్చీ గోడకు ఆనించి, అందులోంచి లేచి కూర్చోవడం. గుమ్మం ముందు ఒక్క మెట్టు ఎక్కడం, దిగడం. గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసి వాటిని దాటడం. ఎప్పుడూ ఆ అమ్మాయి గాని, మా ఆవిడ గాని పక్కనే ఉండేవారు. తేలికయిన రోజున ఆమె కొంచెం కష్టం చేసేది. "తేలికైపోతే ఇక మెదడు నేర్చుకోవడం మానేస్తుంది తాతగారూ" అనేది.

ఇక్కడ శాస్త్రం ఏమంటుందో నాకు తెలిసినంతలో చెబుతాను. చెయ్యి పడిపోయిందంటే చేతిలో కండ చెడిందని కాదు. చేతికి ఆజ్ఞలిచ్చే మెదడులోని భాగం దెబ్బతింది. చచ్చిపోయిన కణాలు తిరిగి రావు. కాని చుట్టుపక్కల బతికున్న కణాలు కొత్త దారులు వేసుకోగలవు. మెయిన్ రోడ్డు మీద వంతెన కూలితే మనం బస్సును పక్క ఊళ్ల మీదుగా తిప్పి తీసుకెళ్లేవాళ్లం కాదూ? అలాంటిదే. అయితే ఆ పక్క దారి దానంతటదే పడదు. అదే పనిని, శ్రద్ధపెట్టి, వందలసార్లు, కొంచెం కొంచెం కష్టం పెంచుకుంటూ చేస్తేనే పడుతుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు దీని మీద ఒక పద్ధతి రూపొందించారు. మంచి చేతికి తొడుగు తొడిగి, పడిపోయిన చేతితోనే పనులు చేయించడం. 222 మంది రోగులపై రెండు వారాల పాటు ఈ పద్ధతి పరీక్షించి, ఫలితాలు 2006లో ప్రకటించారు. చేతివాడకం మెరుగుపడింది, ఆ మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచింది. వేళ్లు, మణికట్టు కాస్తయినా కదిలేవారికే ఇది పనికొస్తుంది. మా ఇంట్లో తొడుగు లేదు. మా ఆవిడ నా ఎడమచేతికి తువ్వాలు చుట్టేది, అదీ ఆ అమ్మాయి చెప్పిన వేళకు, నేను కూర్చుని ఉన్నప్పుడు మాత్రమే.

మరి నేను పోగొట్టుకున్నాననుకున్న ఆ పెద్ద యంత్రం సంగతి? మూడేళ్ల తర్వాత మా మనవరాలు చదివి చెప్పింది. అమెరికాలో పక్షవాతం వచ్చిన 408 మందిని తీసుకుని, కొందరికి అటువంటి పట్టీల ట్రెడ్‌మిల్లు మీద, కొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్లి కాళ్ల బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయించి చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఏడాది చివర రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొత్తం మీద సగం మందికి పైగా నడకలో ఒక మెట్టు పైకి వచ్చారు. అది విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. ఇల్లు తాకట్టు పెట్టనందుకు కాదు. గోడవైపు తిరిగి ఏడ్చిన ఆ రాత్రి ఈ మాట చెప్పేవారు లేకపోయారే అని. అందుకే ఈ రోజు మీకు చెబుతున్నాను. యంత్రం చెడ్డదని నేననడం లేదు, అక్కడా బాగుపడ్డవారున్నారు. యంత్రం లేదు కనుక ఆశ లేదు అనుకోవద్దంటున్నాను.

ఆ ఏడాది నవంబరులో పెన్షను పనిమీద బ్యాంకుకు వెళ్లాను. సంతకం కలవలేదు. కౌంటరులోని అబ్బాయి మర్యాదగానే, "వేలిముద్ర వేయండి సార్" అన్నాడు. ముప్పయ్యయిదేళ్లు వే బిల్లుల మీద సంతకం పెట్టిన చేయి ఇది. వేశాను. ఇంటికి వచ్చి ఆ రోజు నుంచి పలక మీద, తర్వాత మనవరాలి నాలుగు గీతల నోటుపుస్తకంలో నా పేరే రాశాను. రోజుకు ఒక పేజీ. ఐదు నెలల తర్వాత అదే బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇచ్చాను. పాత సంతకం కాదు, కాస్త వంకర. కాని నాది. ఇప్పటికీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి నాకు సమయం పడుతుంది. పూర్తిగా నయమైందని చెబితే అబద్ధం.

పక్షవాతం రానివారికి వ్యాయామం మెదడుకు ఏం చేస్తుంది అని చాలామంది అడిగారు. మన మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం ఒకటి ఉంది, హిప్పోకాంపస్ అంటారు. వయసుతో పాటు అది ఏటా కొంచెం కొంచెంగా కుంచించుకుపోతుంది. 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది పెద్దవయసువారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, క్రమంగా పెంచుకుంటూ నలభై నిమిషాల దాకా నడిచింది. రెండో జట్టు ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు చేసింది. ఏడాది తర్వాత నడిచినవారిలో ఆ భాగం సుమారు 2 శాతం పెరిగింది. రెండో జట్టులో సుమారు 1.4 శాతం తగ్గింది.

ఇది విని రేపటి నుంచి నడిస్తే మరుపు పోతుందని ఇంటికెళ్లకండి. 2022లో ప్రకటించిన మరో పరిశోధనలో 585 మంది పెద్దవారిని పరీక్షిస్తే, ఆరు నెలల వ్యాయామం వల్ల జ్ఞాపకశక్తి పరీక్షల్లో ప్రత్యేకమైన మెరుగు కనబడలేదు. మెదడు విషయంలో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాని బి.పి., షుగరు అదుపులో ఉండటానికి నడక తోడ్పడుతుందనడంలో వాదం లేదు. మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసేవాటిలో ఆ రెండూ ముఖ్యమైనవి. కనుక కాళ్లకు చేసిన సేవ తలకు చేరుతుందనడం తప్పు కాదు.

"ఈ వయసులో ఇంకేం బలం వస్తుందండీ" అనేవారికి ఒక మాట. 1990లో ఫియాటరోన్ అనే డాక్టరమ్మ, వృద్ధాశ్రమంలో ఉన్న 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసువారు పదిమందికి, యంత్రం మీద కాళ్లతో బరువులెత్తే శిక్షణ ఎనిమిది వారాలు ఇప్పించారు. శిక్షణ పూర్తిచేసినవారి కాళ్ల బలం సగటున రెండింతలు దాటి పెరిగింది. వారికి తొంభై ఏళ్లు. ఈ హాలులో మనమందరం వారికంటే కుర్రవాళ్లమే. (చప్పట్లు)

ఇక మన ఊళ్లలో ఈమధ్య బల్ల మీద నిలబెట్టి ఒళ్లంతా వణికించే యంత్రాలు, పాదాలు కదిలించే యంత్రాలు వచ్చాయి. కొన్నాళ్లు ఉచితంగా కూర్చోబెట్టి, తర్వాత వేలకు వేలు చెప్పి అంటగడుతున్నారు. పది నిమిషాలు నిలబడితే గంట నడిచినట్టేనంటారు. హాయిగా అనిపిస్తే అనిపించవచ్చు. కాని యంత్రం మనల్ని కదిలిస్తే ఎక్కువ కష్టం యంత్రానిదే. గుండె, కండ నడకలో పనిచేసినంతగా పనిచేయవు. గ్రాట్యుటీ డబ్బు వాటికి పెట్టకండి.

అడుగులు లెక్కపెట్టే చేతి గడియారాలు పిల్లలు కొనిస్తున్నారు. మంచివే. అయితే రోజుకు పదివేల అడుగులు అన్నది వైద్యశాస్త్రం పెట్టిన లెక్క కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరుకు పెట్టిన పేరది. 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీలు 16 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో, రోజుకు సుమారు 4,400 అడుగులు వేసేవారిలోనే, 2,700 వేసేవారికంటే మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. కనుక పదివేలు పూర్తి కాలేదని రాత్రి హాలులో గుండ్రంగా తిరుగుతున్న మా వియ్యంకుడుగారికి ఈ సభాముఖంగా మనవి, ఇక పడుకోండి. (నవ్వులు)

చివరగా మన ట్రెడ్‌మిల్లు. 1818లో ఇంగ్లండులో దీని పూర్వీకుడిని జైలులో ఖైదీలకు శిక్షగా పెట్టారు. ఇప్పుడు మనం ముచ్చటపడి తొక్కుతున్నాం. నా నివేదిక ఇది. తీసుకుందాం, కృతజ్ఞతతో తీసుకుందాం. వానాకాలంలో, మే నెల ఎండల్లో బయట నడవలేనివారికి ఉపయోగమే. కాని కొన్ని షరతులు. ఎక్కేముందు ఆ సభ్యుడు డాక్టరును సంప్రదించాలి. పక్కన మరొక మనిషి లేకుండా ఎవరూ ఎక్కకూడదు. ఆపే తాళం దారం చొక్కాకు తగిలించుకోవాలి. తిరుగుతున్న పట్టీ మీద నుంచి దిగకూడదు. ఫుట్‌బోర్డు ప్రయాణం ఎంత ప్రమాదమో మనకంటే ఎవరికి తెలుసు? ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం ఉంటే వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇంకొక ప్రతిపాదన కూడా మీ ముందుంచుతున్నాను. నెలకొకసారి మన కార్యాలయానికి ఒక ఫిజియోథెరపిస్టును పిలిపిద్దాం. ఖర్చు సంఘ నిధి నుంచి పెడదాం. పక్షవాతం వచ్చి ఇంట్లో పడుకున్న సభ్యుల జాబితా తయారుచేసి, ఇద్దరిద్దరం వెళ్లి వారిని కుర్చీలోంచి లేపి కూర్చోబెడదాం, వారి డాక్టరు సరేనన్న మేరకు. ఆ జాబితా రాసే పని నాకివ్వండి. వంకర రాతతోనైనా రాస్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితో పాటు వారంలో రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులు నిలకడ కుదిర్చే వ్యాయామం. ఒక్కసారిగా కాదు, ఓపికను బట్టి. స్టేజి స్టేజికీ ఆగుతూ వెళ్లే పల్లెవెలుగు కూడా ఆఖరికి ఊరు చేరుతుంది.

నాకు చిల్లర పోసిన ఆ అమ్మాయికి, తువ్వాలు చుట్టిన నా భార్యకు నా కృతజ్ఞతలు. భోజనాలకు వెళ్లేముందు ఒక్క కోరిక. ఓపిక ఉన్నవారు, ముందు కుర్చీని పట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోండి. మూడో వరుసలోని డ్రైవరుగారితో మొదలుపెడదాం. రైట్ రైట్.